బైట్లు ఎక్కడ జారిపోతున్నాయో ముందు చూడు

సత్యనారాయణపురం, విజయవాడ

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం నిన్న అందింది. బ్రాడీపేట గదిలో మన పాత 386 కంప్యూటరుకు, ఫోను లైన్ మీద డేటాను సెకనుకు 33.6 కిలోబిట్ల దాకా తెచ్చే మోడెం తగిలించినప్పటి నుంచి దించుకున్న ఫైళ్ళు చెడిపోతున్నాయనీ, లైన్‌లో గరగర ఉందేమోనని లైన్‌మన్‌ను రెండుసార్లు పిలిపించావనీ రాశావు. ఆయన్ను ఇక పిలవకు. జిప్ ఫైళ్ళు, అంటే ముందే కుదించి ఉన్నవి, చాలావరకు క్షేమంగా వస్తున్నాయి, టెక్స్ట్ ఫైళ్ళే పాడవుతున్నాయి అని నువ్వే రాశావు కదా. గరగరకు ఫైలు రకంతో పనేముంది? పైగా లైన్‌లో దొర్లిన తప్పులను మోడెంలు రెండూ వి.42 పద్ధతిలో తమలో తామే దిద్దుకుంటాయి. టెక్స్ట్‌ను మాత్రం అవతలి మోడెం కుదించి పంపితే ఇవతలిది విప్పి ఇస్తుంది కనుక, టెలిఫోన్ తీగ మీద కంటే మోడెం నుంచి కంప్యూటరుకు వచ్చే తీగ మీద ఒరవడి రెండు మూడు రెట్లు ఎక్కువగా ఉంటుంది.

ఆ ఒరవడి ఎంతో లెక్క వేసి చూడు. మోడెం తీగ కంప్యూటరులోకి చేరే పోర్టును సెకనుకు 115200 బిట్ల వేగానికి పెట్టావు. బైటులోని ఎనిమిది బిట్లకు ముందు ఒకటి, వెనుక ఒకటి కలుపుకొని బైటుకు పది బిట్లు. అంటే సెకనుకు 11,520 బైట్లు, సుమారు 87 మైక్రోసెకన్లకు ఒకటి. ఆ కంప్యూటరులో పోర్టు పని చూసేది 8250 లేదా 16450 చిప్ అయి ఉంటుంది. అది అందుకున్న బైటును ఒక్కదాన్నే పట్టుకోగలదు. ప్రాసెసర్ హార్డ్ డిస్కు పనిలో పడి ఆ 87 మైక్రోసెకన్లలో వచ్చి తీసుకోకపోతే, తరువాతి బైటు దాని మీదికి వచ్చి పడుతుంది, మొదటిది పోతుంది. దీన్నే ఓవర్‌రన్ అంటారు.

కంప్యూటరూ మోడెమూ ఒకదానికొకటి ‘పంపు’, ‘ఆగు’ అని చెప్పుకునే ఆర్.టి.ఎస్., సి.టి.ఎస్. తీగలతో ప్రవాహాన్ని ఆపే ఏర్పాటు చేశాను కదా అని అడిగావు. ఆ ఏర్పాటు ఉండవలసిందే, కానీ అది వేరే జబ్బుకు మందు. పోర్టును నడిపే ప్రోగ్రాము, అంటే డ్రైవర్, మెమరీలో పెట్టుకున్న తాత్కాలిక నిల్వ (బఫర్) నిండబోతే డ్రైవరే మోడెంను ఆగమంటుంది. చిప్‌లో బైటు పోయే క్షణంలో ఆ డ్రైవర్‌కు అసలు వంతే రాలేదు. మన బ్యారేజీ దగ్గర నీరు పెరుగుతోందని పైన నాగార్జునసాగర్‌కు కబురు చేయవలసిన మనిషే కాపలాలో లేనప్పుడు, ఫోను బాగా పనిచేస్తే మాత్రం ఏం లాభం? ఈ తేడా తెలియక నేను ఒకసారి రెండు వారాలు మోడెంనే అనుమానించి, మంచి మోడెంను కొట్టులో తిరిగి ఇచ్చేశాను. ఆ పొరపాటు నీకు జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా విండోస్‌లోకి వెళ్ళకుండా డాస్‌లోనే ఎం.ఎస్.డి. అనే, కంప్యూటరు భాగాల వివరాలు చూపే ప్రోగ్రామును నడిపి, పోర్టు దగ్గర ఏ చిప్ పేరు చూపిస్తుందో రాసుకో. తరువాత అదే టెక్స్ట్ ఫైలును హార్డ్ డిస్కుకు కాక ర్యామ్ డిస్కుకు (మెమరీలోనే డిస్కులా వాడుకునే చోటుకు) దించు. అప్పుడు చెడకుండా వస్తే, డిస్కు పని వల్లనే ప్రాసెసర్ ఆలస్యమవుతోందని తేలుతుంది. ఈలోగా పోర్టును 38400కు తగ్గించుకో; బైటుకు 260 మైక్రోసెకన్లు దొరుకుతాయి. టెక్స్ట్ కొంచెం నెమ్మదిగా వస్తుంది, జిప్ ఫైళ్ళకు పెద్ద నష్టం ఉండదు.

అసలు మందు 16550ఏ చిప్. దానిలో వచ్చిన బైట్లు పదహారు దాకా వేచి ఉండే వరుస ఉంటుంది. చివర ఆ ‘ఏ’ అక్షరం ఉన్నదే కావాలి. తొలి 16550లో ఆ వరుస సరిగా పనిచేయదు. వరుసను వాడుకొమ్మని సాఫ్ట్‌వేర్ చెప్పకపోతే ఇదీ పాత 16450 లాగే ఉండిపోతుంది కనుక, నీ ప్రోగ్రాములో ఫిఫో (ఈ వరుస పేరే అది) అన్న చోట వెతికి అనుమతించు. ఎన్ని బైట్లు చేరాక ప్రాసెసర్‌ను పిలవాలని అడిగితే పద్నాలుగు వద్దు, ఎనిమిది పెట్టు. పద్నాలుగైతే మిగిలే ఖాళీ రెండు బైట్లే. ఎనిమిదైతే ప్రాసెసర్‌కు దాదాపు 700 మైక్రోసెకన్ల వ్యవధి ఉంటుంది.

ఆదివారం నేను గుంటూరు వస్తున్నాను, చిప్ తెస్తాను. కార్డు మీద నలభై కాళ్ళ చిప్ సాకెట్‌లో ఉందో, టంకం వేసి ఉందో చూసి రెండు రోజుల్లో ఉత్తరం రాయి; టంకం వేసి ఉంటే కొత్త కార్డే కొనుక్కొస్తాను. మూత తీసే ముందు ప్లగ్గు పీకెయ్యడం మరవకు.

మీ నాన్న