బస్సులో నా మాస్క్ ఎందుకంటే

ఎడిటర్ గారికి నమస్కారం.

కరోనా కేసులు మళ్ళీ కాస్త పెరిగాయని వార్త వచ్చినప్పుడల్లా దాని చివర ఒక మాట ఉంటుంది. చనిపోయినవాళ్ళకు ఇతర జబ్బులున్నాయి, ప్రజలు భయపడాల్సిన పని లేదు అని. 2025 మే, జూన్ నెలల్లో కొత్త రకాలు వచ్చాయని గోల అయినప్పుడూ ఇదే చదివాను. మీ పత్రిక ఒక్కటే అని కాదు, టీవీల వాళ్ళూ అదే చెప్పారు. జనానికి ధైర్యం చెప్పాలనే రాస్తారు, కాదనను. కానీ ఆ ఇతర జబ్బులున్నవాళ్ళు కూడా పేపర్ చదువుతారు కదండీ. మా ఇంట్లో పేపర్ నాకంటే ముందు మా ఆయన చేతికే వెళ్తుంది. ఆయనకు లింఫోమా, అంటే ఒక రకం బ్లడ్ క్యాన్సర్.

నేను ఖమ్మంలో ఆర్టీసీ కండక్టర్‌ని. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక పల్లెవెలుగు బస్సులో కాలు పెట్టే చోటు దొరికితే అదే గొప్ప. జీరో టికెట్ కొట్టాలంటే ఆధార్ కార్డు చూడాలి, ఆ గోలలో ఎక్కడ దిగుతారో వినపడక మనిషి ముఖం దగ్గరికి వంగాలి. ఎవరు దగ్గినా, తుమ్మినా ముందు నాకే. పథకాన్ని తప్పు పట్టడం లేదు, కూలికి పోయే అమ్మలకు అది ఎంత ఆసరాగా ఉందో రోజూ చూస్తున్నదాన్ని. డ్యూటీ దిగి ఇంటికి పోయేటప్పుడు నా వెంట ఇంకేం వస్తుందో తెలీదు, నా టెన్షన్ అంతా అదే.

అందుకే ఎన్-95 మాస్క్ పెట్టుకుంటాను. "ఏంది మేడం, కరోనా పోయి ఎన్నేండ్లాయె, ఇంకా మూతికి ఆ గుడ్డేంది?" అని రోజుకొకరైనా అడుగుతారు. కొందరు నాకే ఏదో రోగం ఉందనుకుని పక్కకు జరుగుతారు. అదీ ఒకందుకు మంచిదే.

మా ఆయనకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. 2022లో మెడ పక్కన గడ్డ కనిపిస్తే బయాప్సీ చేయించాం. ఫాలిక్యులర్ లింఫోమా అన్నారు. కీమోతో పాటు రిటుక్సిమాబ్ అనే మందు ఎక్కించారు. కీమో అయిపోయాక కూడా రెండు నెలలకోసారి ఆ ఒక్క మందు రెండేళ్ళపాటు ఎక్కించాలన్నారు. ఆసుపత్రిలో దాన్ని మెయింటెనెన్స్ అంటారు. చాలా మంచి మందు, గడ్డలు కరిగిపోయాయి. అయితే మన రక్తంలో బి కణాలని ఉంటాయి. ఈ క్యాన్సర్ పుట్టేది వాటిలోనే, రోగం వస్తే దాని మీదికి పోయే యాంటీబాడీలు తయారు కావాలన్నా అవే కావాలి. రిటుక్సిమాబ్‌కు చెడ్డ బి కణం, మంచి బి కణం అన్న తేడా తెలీదు. కలుపుతో పాటు పైరూ పీకేసినట్టు అన్నిటినీ ఊడ్చేస్తుంది. ఆఖరి డోసు తర్వాత అవి మళ్ళీ పుట్టుకు రావడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. మనిషి చూడటానికి బాగానే ఉంటాడు. జుట్టు వచ్చేస్తుంది, తిండి తింటాడు, షాపుకు పోతాడు. లోపల మాత్రం కాపలా ఉండదు.

2024 సంక్రాంతికి మాకు స్పెషల్ బస్సుల డ్యూటీ పడింది. పండగ అయ్యాక నాకు గొంతు గరగరమంది, రెండు రోజులు అల్లం టీ తాగితే పోయింది. ఆయనకు జ్వరం పట్టుకుంది. ఇక్కడి డాక్టర్ వైరల్ ఫీవర్ అని మాత్రలు రాశారు. తగ్గింది. వారం తిరక్కుండా సాయంత్రం పూట మళ్ళీ వచ్చింది. ఈసారి వైడల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు, ఇంజెక్షన్లు, సెలైన్లు. మళ్ళీ తగ్గింది, మళ్ళీ వచ్చింది. ఒక రాత్రి మేడ మీద నుంచి బట్టలు తెచ్చి సోఫాలో కూలబడి, నోరు తెరిచి ఊపిరి తీసుకుంటున్నారు. 2021లో కొన్న ఆక్సిమీటర్ బీరువా సొరుగులో ఉంది గానీ సెల్స్ అయిపోయాయి. టీవీ రిమోట్‌లోవి తీసి వేసి ఆయన వేలికి పెట్టాను. 91 చూపించింది.

తెల్లారేసరికి హైదరాబాద్‌లో ఉన్నాం. స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలున్నాయి. ఆర్టీపీసీఆర్ చేస్తే పాజిటివ్. సంక్రాంతి వెళ్ళి నెల దాటింది, ఇప్పుడు పాజిటివ్ ఏంటి సార్ అని అడిగాను. వైరస్‌ను బయటికి తరిమే యాంటీబాడీలు ఈయన ఒంట్లో తయారు కావడం లేదమ్మా, అందుకే పోకుండా లోపలే తిష్ట వేసుకుంది, ఈ మందు వాడేవాళ్ళలో నెలల తరబడి ఉన్నవాళ్ళను చూశాం అన్నారు డాక్టర్ గారు. రెమ్‌డెసివిర్ ఇచ్చారు, ఆక్సిజన్ పెట్టారు. ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే తయారుగా ఉన్న యాంటీబాడీల సీసాలు ఎక్కించారు. వేలమంది దాతల ప్లాస్మా కలిపి తీస్తారట దాన్ని. ఆ సీసాల బిల్లుకే నా పీఎఫ్ అడ్వాన్స్ పోయింది. మనిషి దక్కాడు, అది చాలు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. యూరప్ హెమటాలజీ వైద్యులు 2020లో కరోనా సోకిన 3,801 మంది బ్లడ్ క్యాన్సర్ పేషెంట్ల వివరాలు సేకరిస్తే, వాళ్ళలో నూటికి 31 మంది చనిపోయారు. ఏఎంఎల్ అనే తీవ్రమైన రకం ఉన్నవాళ్ళలో అయితే నూటికి 40. టీకాలు రాకముందు లెక్క అది, ఒమిక్రాన్ వచ్చాక బాగా తగ్గింది. తగ్గిందంటే మామూలు మనుషులతో సమానమైందని కాదు. అన్ని బ్లడ్ క్యాన్సర్లూ ఒకటి కావు కూడా. సీఎంఎల్ అనే నెమ్మదిగా పెరిగే రకానికి రోజూ మాత్ర వేసుకుంటూ ఉద్యోగం చేసుకునేవాళ్ళకు ఇంత ముప్పు కనిపించలేదు. సీఎల్ఎల్ అనే ఇంకో నెమ్మది రకం, లింఫోమా, ఎముక మజ్జలో వచ్చే మైలోమా, ఏఎంఎల్ ఉన్నవాళ్ళూ, ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవాళ్ళూ జాగ్రత్తగా ఉండాలి.

మరి టీకా వేయించుకుంటే సరిపోదా అని మా డిపోలో అడుగుతుంటారు. ఇజ్రాయెల్‌లో 2021లో సీఎల్ఎల్ ఉన్న 167 మందికి రెండు డోసులు వేసి చూస్తే 40 శాతం మందిలోనే యాంటీబాడీలు వచ్చాయి. రిటుక్సిమాబ్ లాంటి మందు ఏడాదిలోపు తీసుకున్నవాళ్ళలో ఒక్కరికీ రాలేదు. అమెరికా మాజీ విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ రెండు డోసులూ వేసుకుని 2021 అక్టోబర్‌లో కరోనాతో పోయారు. అప్పుడు చూశారా, టీకా పనికిరాదన్నాం కదా అని వాట్సాప్‌లో తెగ తిప్పారు. ఆయన వయసు 84 అనీ, మైలోమా ఉందనీ ఆ మెసేజీల్లో ఎవరూ రాయలేదు. యాంటీబాడీలు రాకపోయినా టి కణాలని ఇంకో దళం ఉంటుంది, అది టీకాతో ఎంతో కొంత నేర్చుకుంటుంది, కాబట్టి వృథా కాదు, వేయించుకోమనే మా డాక్టర్ గారు చెప్పారు. ఆయన చుట్టూ ఉండేవాళ్ళం కూడా వేయించుకోవాలన్నారు. సరేనని మా ఊళ్ళో తిరిగితే, ఇప్పుడెక్కడి కరోనా టీకా అమ్మా అని నవ్వారు.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. 2021 మార్చి 1 నుంచి 45 ఏళ్ళు దాటిన జబ్బు మనుషులకు టీకా వేసినప్పుడు, ముందుగా ఇవ్వాల్సిన 20 జబ్బుల జాబితాలో లింఫోమా, ల్యుకేమియా, మైలోమా పేర్లు స్పష్టంగా ఉన్నాయి. ఆ ఏడాది ఆగస్టులో అమెరికా, సెప్టెంబర్‌లో బ్రిటన్ ఇలాంటివాళ్ళకు మూడో డోసు వేయించుకోమన్నాయి. మన దగ్గర 2022 జనవరిలో ప్రికాషన్ డోసు అని మూడోది మొదలుపెట్టినప్పుడు ఆరోగ్య, ఫ్రంట్‌లైన్ సిబ్బందిని పక్కన పెడితే, 60 దాటిన జబ్బు మనుషులకే ఇచ్చారు. 50 ఏళ్ళ బ్లడ్ క్యాన్సర్ పేషెంట్ ఏప్రిల్ దాకా ఆగి, ప్రైవేటులో డబ్బు కట్టి వేయించుకోవాల్సి వచ్చింది.

మందుల సంగతీ అంతే. కరోనాకు నిర్మాట్రెల్విర్, రిటోనవిర్ అని కలిపి వేసే మాత్రలున్నాయి, లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపు మొదలుపెట్టాలి. మన దేశంలో దాన్ని తయారుచేసే కంపెనీల్లో ఒకటి హైదరాబాద్‌దే. 2022 డిసెంబర్‌లో డబ్ల్యూహెచ్‌వో గుర్తింపు కూడా వచ్చింది. మా బజారులో మెడికల్ షాపులో అడిగితే పేరు మళ్ళీ చెప్పమన్నారు. ఇంకో మాట, రిటోనవిర్ చాలా మందులతో పడదు. ఇబ్రుటినిబ్, వెనెటోక్లాక్స్ లాంటి క్యాన్సర్ మాత్రలు వాడేవాళ్ళు వాళ్ళ డాక్టర్‌ను అడగకుండా వేసుకుంటే అసలుకే మోసం.

ఈ ఉత్తరం రాయడం ఎందుకంటే, మళ్ళీ కేసుల వార్త వేసినప్పుడు ఆ ఇతర జబ్బులేంటో పేర్లు పెట్టి రాయండి. బ్లడ్ క్యాన్సర్‌కు మందులు వాడుతున్నవాళ్ళకు జ్వరం 100.4 దాటితే ఇంట్లో పారాసిటమాల్ వేసుకుని చూద్దామనుకోకుండా, ఆ రోజే వాళ్ళ క్యాన్సర్ డాక్టర్‌కు ఫోన్ చేయాలని రాయండి. అది కరోనా కాకపోయినా ఆలస్యం చేయకూడదు. టైఫాయిడ్ అనుకునే ముందు ఒక స్వాబ్ తీయించమని మా ఊరి డాక్టర్లకు కూడా చెప్పినట్టవుతుంది. కీమో ఎక్కించే ఆసుపత్రుల్లో డే కేర్ పేషెంట్లను జనరల్ ఓపీలో దగ్గేవాళ్ళ మధ్య గంటలకొద్దీ కూర్చోబెడుతున్నారు. మేం వెళ్ళే చోటా అదే వరస. వేరే వరండా, నాలుగు బల్లలు, తెరిచిన కిటికీలు ఉంటే చాలు, దీనికి కోట్లు అక్కర్లేదు.

చివరిగా మీ జిల్లా పేజీ వాళ్ళతో ఒక చిన్న పని. ఖమ్మంలో ఇప్పుడు ఆర్టీపీసీఆర్ ఎక్కడ చేస్తున్నారో, ఏ టైముకు వెళ్ళాలో, కరోనా మాత్రలు ఎక్కడ దొరుకుతాయో, టీకా అసలు ఉందో లేదో జిల్లా వైద్యాధికారిని అడిగి ఒక పెట్టెకట్టి వేయించండి. కత్తిరించి మా డిపో నోటీసు బోర్డు మీద అంటించే బాధ్యత నాది.

ఇట్లు,
ఒక ఆర్టీసీ మహిళా కండక్టర్,
ఖమ్మం