పక్షవాత రోగికి మంచినీళ్లూ ముప్పే

సంపాదకులకు,

పక్షవాతం నుంచి బయటపడిన మనిషికి ఇంటివారు ప్రేమగా నీళ్లు పట్టించినప్పుడు, మింగే కండరాల పట్టు తప్పినందువల్ల ఆ నీరు శ్వాసనాళంలోకి జారి, ఒక్కోసారి దగ్గు కూడా రాకుండానే ఊపిరితిత్తులకు చేరి న్యుమోనియా తేవచ్చు. చాలామంది రోగులకు చిక్కటి జావ కంటే పలుచని నీరే ప్రమాదకరం. బేరియం కలిపిన ఆహారాన్ని మింగిస్తూ తీసే ఎక్స్‌రే వీడియోలో ఈ లోపాన్ని గుర్తించి, అవసరమైనవారికి గడ్డం కిందికి వంచి మింగడం వంటి మెళకువలు నేర్పేది స్పీచ్ థెరపిస్టులు. పంతుళ్ల బొంగురు గొంతుకు శిక్షణతో చికిత్స చేసేదీ వారే. వారి పని పిల్లలకు మాటలు నేర్పడం వరకే అనుకోవడం విచారకరం. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1960ల నుంచి ఇటువంటి నిపుణులను తీర్చిదిద్దుతోంది. తెలుగు రాష్ట్రాల్లోని ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ వారికి చోటుండాలని, పక్షవాత రోగికి నోటి ద్వారా ఏదైనా ఇచ్చే ముందే మింగే శక్తిని పరీక్షించడం తప్పనిసరి చేయాలని ప్రభుత్వాలను కోరుతున్నాను.

– ఒక స్పీచ్ థెరపిస్టు, వరంగల్