యుద్ధ నేరాల చట్టం మన దగ్గరా ఉంది

సంపాదకుల వారికి,

అంతర్జాతీయ కోర్టులు బక్క దేశాల నాయకుల్ని పట్టుకోవడానికే తప్ప పెద్దవాళ్ల జోలికి పోవని మొన్న ఇదే పేజీలో ఒక పాఠకుడు రాశారు. గుంటూరు కోర్టు ఆవరణలో టీ తాగేటప్పుడు మా మధ్య నడిచే మాట కూడా అదే. క్లయింట్లయితే ఇంకో అడుగు ముందుకేసి, "హేగ్ గొడవ మనకెందుకు సార్, ముందు నా వాయిదా సంగతి చూడండి" అంటారు.

ఆ పాఠకుడు చెప్పినదాంట్లో సగం నిజమే. హేగ్‌లో ఉన్న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2023 మార్చిలో పుతిన్ మీద, 2024 నవంబరులో నెతన్యాహు మీద వారెంట్లు ఇచ్చింది. 2024 సెప్టెంబరులో పుతిన్ మంగోలియా వెళ్లారు. ఆ దేశం ఆ కోర్టులో సభ్యురాలే, ఆయన్ని పట్టి అప్పగించాలి. సైనిక వందనం ఇచ్చి సాగనంపింది. డిక్రీ చేతికొచ్చినా అమలు చేసే అమీనా లేకపోతే ఎలా ఉంటుందో మా వృత్తిలో ఉన్నవాళ్లకు వేరే చెప్పాలా?

మిగతా సగం మాత్రం ఆయన వదిలేశారు. లైబీరియా అధ్యక్షుడిగా చేసిన చార్లెస్ టేలర్‌కు యుద్ధ నేరాల కేసులో 2012లో 50 ఏళ్ల శిక్ష పడింది. యుగోస్లావియా అధ్యక్షుడు మిలోషెవిచ్ మీద 1999లో ఆయన పదవిలో ఉండగానే అభియోగాలు మోపారు, రెండేళ్లకు హేగ్‌కు తెచ్చారు. తీర్పు రాకముందే జైల్లో చనిపోయాడు, అది వేరే సంగతి. వీళ్లంతా బక్కవాళ్లే కదా అంటే, అవును. పెద్దవాళ్లు దొరకలేదని వీళ్లనీ వదిలేయాల్సిందా?

ఇదంతా మనకు సంబంధించిందే. 2022లో ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతున్న మన పిల్లలు బేస్‌మెంట్లలో తలదాచుకున్నారు. మా వీధిలో ఒకావిడ కొడుకు ఫోన్‌లో చార్జింగ్ అయిపోతుందని వీడియో కాల్ చేయనివ్వకుండా, "తిన్నావా" అని ఒక మెసేజ్ పెట్టి జవాబు కోసం రాత్రంతా కూర్చునేది. సన్‌ఫ్లవర్ నూనె ధర చూసి ఆ యుద్ధం గురించి తెలుసుకున్న ఇళ్లు ఇంకెన్నో.

అయినా మన ప్రభుత్వాలు, ఏ పార్టీవైనా సరే, దీనికి దూరంగానే ఉంటూ వచ్చాయి. 1998లో రోమ్‌లో ఆ కోర్టు ఏర్పాటుపై ఓటింగ్ జరిగితే మనం ఎటూ వేయలేదు. భద్రతా మండలికి పెత్తనం ఇచ్చారని, అణ్వాయుధాల వాడకాన్ని నేరాల్లో చేర్చలేదని అభ్యంతరం చెప్పాం. ఆ అభ్యంతరాలు న్యాయమైనవేనని నేనూ అంటాను. కానీ డార్ఫర్ మారణహోమం కేసులో వారెంట్లున్న సూడాన్ అధ్యక్షుడు బషీర్ 2015 అక్టోబరులో ఢిల్లీకి ఆఫ్రికా దేశాల సదస్సుకు వచ్చి, దర్జాగా వెళ్లిపోయాడు. సభ్యదేశం కాదు కాబట్టి మనమీద ఏ బాధ్యతా లేదు. నిజమే, కాగితం మీద.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇక్కడ మొదలవుతుంది. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం మన దగ్గర ఉంది. యుద్ధంలో బందీలను, గాయపడినవాళ్లను, శత్రువు చేతిలో చిక్కిన పౌరులను కావాలని చంపితే దాని కింద మరణశిక్ష లేదా యావజ్జీవం. నేరం దేశం బయట జరిగినా సరే, చేసినవాడు ఏ దేశస్థుడైనా సరే. నిందితుడు ఎక్కడ దొరికితే అక్కడి సెషన్స్ కోర్టు విచారించొచ్చు. అంటే చట్టం ప్రకారం మన గుంటూరు సెషన్స్ కోర్టుకూ ఆ అధికారం ఉంది. ఈ మాట చెబితే మా జూనియర్లు నవ్వారు, బేర్ యాక్ట్, అంటే చట్టం అసలు పాఠం ఉన్న పుస్తకం, తెచ్చి చూపించాల్సి వచ్చింది.

మెలిక 17వ సెక్షన్‌లో ఉంది. ప్రభుత్వం గానీ, ప్రభుత్వం నియమించిన అధికారి గానీ ఫిర్యాదు చేస్తే తప్ప ఏ కోర్టూ కేసు తీసుకోకూడదు. బాధితుడు ఎంత మొత్తుకున్నా గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. పైగా ఈ చట్టం దేశాల మధ్య యుద్ధాలకే పనికొస్తుంది. డార్ఫర్ లాంటి అంతర్యుద్ధాలు దీని కిందకు రావు. పదవిలో ఉన్న విదేశాంగ మంత్రిని వేరే దేశపు కోర్టు పట్టుకోకూడదని, దేశాల మధ్య తగాదాలు తీర్చే అంతర్జాతీయ న్యాయస్థానం 2002లో బెల్జియం కేసులో చెప్పింది, దేశాధినేతలకు ఆ రక్షణ ఎటూ ఉంది. కుర్చీ దిగాక మాత్రం అంత ధీమా ఉండదు, చిలీ నియంత పినోచెట్ 1998లో లండన్‌లో అరెస్టయింది మాజీగానే.

మారణహోమం, మానవత్వంపై నేరాలు మన క్రిమినల్ చట్టంలో లేవని, ఈ లోటును వెంటనే పూడ్చాలని 1984 సిక్కుల ఊచకోతకు సంబంధించిన సజ్జన్ కుమార్ కేసులో 2018 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు స్పష్టంగా రాసింది. ఆ తర్వాత ఐపీసీ పోయి 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సెక్షన్ల నంబర్లన్నీ మారి మేం మళ్లీ బట్టీ పట్టాం గానీ, ఈ నేరాలు మాత్రం అందులోకి ఎక్కలేదు.

మన ఎంపీలు ఎవరైనా శుక్రవారం ప్రైవేటు మెంబరు బిల్లుగా (మంత్రి కాని సభ్యులు పెట్టే బిల్లు) రెండు సవరణలు పెట్టాలని కోరుతున్నాను. ఒకటి, హైకోర్టు అనుమతితో బాధితులు కూడా ఫిర్యాదు చేసేలా 17వ సెక్షన్‌ను మార్చడం. రెండోది, ఢిల్లీ హైకోర్టు చెప్పిన నేరాలను సంహితలో చేర్చడం. బిల్లు గట్టెక్కదని నాకూ తెలుసు. అందుకే, కనీసం 1960 నుంచి ఇప్పటివరకు ప్రభుత్వం ఆ సెక్షన్ కింద ఎన్ని ఫిర్యాదులు చేసిందో చెప్పమని సభలో ఒక లిఖితపూర్వక ప్రశ్న అయినా వేయండి.

— ఒక న్యాయవాది, బ్రాడీపేట, గుంటూరు