పర్పుల్ హార్ట్ సాహస పతకం కాదు

సంపాదకుడు గారికి,

అమెరికా సైన్యం ఇచ్చే పర్పుల్ హార్ట్ గురించి వార్త వచ్చినప్పుడల్లా మన పత్రికల్లో 'సాహస పురస్కారం' అని పడుతోంది. అది తప్పు. శత్రువు దాడిలో గాయపడినవారికీ, ప్రాణాలు కోల్పోయినవారికీ ఇచ్చే పతకమది. గాయపడ్డ మన సైనికులకిచ్చే పరాక్రమ్ పదక్‌కు దగ్గరిది. ఆ మాటకొస్తే, పరాక్రమ్ పదక్ పేరూ ఇలాగే దారి తప్పిస్తుంది. పర్పుల్ హార్ట్‌కు మూలమైన, 1782లో జార్జి వాషింగ్టన్ పెట్టిన ఊదారంగు గుడ్డ గుర్తును ప్రతిభకే ఇచ్చారు. 1932లో పతకంగా మళ్లీ తెచ్చినప్పుడు కూడా వెనకవైపు 'సైనిక ప్రతిభకు' అనే చెక్కారు. గాయాలకూ మరణాలకూ పరిమితం చేసింది 1942లో.

అక్కడి సైన్యంలో పిల్లలున్న తెలుగు కుటుంబాలకు ఈ తేడా తెలియాలి. దీనికి సాహసం రుజువు చేయనక్కర్లేదు, అర్హత ఉంటే హక్కుగా వస్తుంది. కావలసింది వైద్యుడి కాగితం. గాయం సాధారణంగా శత్రువు చర్య వల్ల అయ్యుండాలి, వైద్యాధికారి చికిత్స అవసరమై ఉండాలి, ఆ చికిత్స రికార్డుకెక్కాలి. వడదెబ్బ, చలికి వేళ్లు చచ్చుబడటం, పీటీఎస్‌డీ (భయానక అనుభవాల తర్వాత మిగిలే మానసిక గాయం) లెక్కలోకి రావు.

చిక్కంతా తల లోపలి దెబ్బలతోనే. పేలుడు ధాటికి మెదడు అదిరితే పైకి గాయం కనిపించదు. శిబిరంలో 'తలనొప్పి' అని రాసి, మాత్రలిచ్చి, డ్యూటీకి పంపేస్తారు. పేలుడు మాటే లేని ఆ చీటీ తర్వాత అక్కరకు రాదు. స్పృహ తప్పిందనో, 48 గంటలకు మించి పూర్తి విధులకు దూరంగా ఉంచారనో అందులో ఉండాలి. 2020 జనవరి 8న ఇరాక్‌లోని అల్ అసద్ స్థావరంపై ఇరాన్ క్షిపణులు పడ్డప్పుడు ఎవరికీ ఏమీ కాలేదని మొదట చెప్పారు. చివరికి వందమందికి పైగా మెదడు దెబ్బలు తేలాయి. పతకాలు ముందు 29 మందికే వచ్చాయి. మరో 39 మందికి 2021 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది.

అందుకే దెబ్బ తగిలిన వారంలోపే పేలుడు తేదీ, స్థలం, ఎంత దూరంలో జరిగిందీ వైద్యుడిచేత రాయించి, నకలు ఇంట్లో ఉంచుకోవాలి. సైనిక కార్యాలయాన్నే నమ్ముకుంటే కష్టం. 1973లో అమెరికాలోని సెయింట్ లూయిస్ సైనిక రికార్డుల కేంద్రం తగలబడి 1.6 కోట్లకు పైగా ఫైళ్లు పోయాయి. సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే డీడీ-214 పత్రంలో పతకం నమోదైందో లేదో అప్పుడే చూసుకోవాలి. నమోదు కాకపోతే, తర్వాత సైనిక రికార్డుల దిద్దుబాటు బోర్డుకు వెళ్లాలంటే డీడీ-149 దరఖాస్తు పెట్టాలి. పొరపాటు తెలిసిన మూడేళ్లలోపు పెట్టాలి, ఆలస్యమైతే కారణం చూపి మినహాయింపు కోరవచ్చు.

- ఒక పాఠకుడు, విజయవాడ