కూల్చే ముందు ఒక్క ఫోటో: పాతబస్తీ వీధుల గురించి మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రివర్యులకు నమస్కరించి రాయునది.

నేను నల్లగొండలో స్థిరపడిన విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. 2011లో పదవీ విరమణ చేసినప్పుడు తోటి ఉపాధ్యాయులు శాలువాతో సరిపెట్టకుండా తలా కొంత వేసుకుని ఒక కెమెరా కొనిచ్చారు. అప్పటినుంచి నెలకొక ఆదివారం తెల్లవారుజామున బస్సెక్కి, ఇమ్లిబన్‌లో దిగి, నయాపూల్ దాటి, మదీనా మీదుగా పత్తర్‌గట్టీలోకి నడిచిపోవడం నాకు అలవాటైంది. హైదరాబాద్ నా ఊరు కాదు. అక్కడ నాకు చుట్టాలూ లేరు. పొద్దున వచ్చి సాయంత్రం తిరిగిపోయే బాటసారినే అయినా, అన్నేళ్లపాటు తీసిన ఫోటోలు ఇప్పుడు నా చేత ఈ ఉత్తరం రాయిస్తున్నాయి. నేను కోరేది ఒక్కటే: మెట్రో కోసం రోడ్డు వెడల్పు చేసే క్రమంలో కూల్చవలసి వస్తున్న ప్రతి ఇంటినీ, ప్రతి దుకాణాన్నీ కూల్చడానికి ముందు పద్ధతిగా ఫోటో తీయించి, ఆ చిత్రాలను సామాన్యులు కూడా చూడగలిగే చోట భద్రపరచవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

మొదటి రెండేళ్లలో నేను తీసినవన్నీ అందరూ తీసే ఫోటోలే. గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి, దక్షిణపు కమాను నడుమ చార్మినార్ సరిగ్గా ఇమిడేలా చూసుకోవడం, తూర్పున కాలీ కమాను వెనుక నుంచి పొద్దు పొడిచే వేళ కోసం కాచుకోవడం, మక్కా మసీదు ముంగిట్లో పావురాలు లేచినప్పుడు గబగబా మీట నొక్కడం. వాటిలో మంచివి నాలుగో అయిదో ఉంటాయి. అయితే 1591లో కట్టిన చార్మినార్‌కు నా కెమెరాతో పని లేదని తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. దాన్ని రోజూ వేలమంది తీస్తూనే ఉంటారు, కేంద్ర పురావస్తు శాఖ రక్షణ కూడా దానికి ఉంది. ఏ ఫోటోలోనూ లేనివి దాని చుట్టూ ఉన్న వీధులు.

అప్పటినుంచి నా నడక పక్క సందుల్లోకి మళ్లింది. లాడ్ బజార్‌లో లక్కను బొగ్గుల సెగ మీద మెత్తబరిచి, వేళ్లు కాలకుండా గుండ్రంగా తిప్పి, ఒక్కొక్క రాయినీ అద్దే పనివాళ్లను గంటల తరబడి చూశాను. ఒకసారి అడగకుండానే ఒక తల్లి ఫోటో తీయబోతే, ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని "ఫోటో నక్కో సాబ్" అన్నది. ముప్ఫై ఏళ్లు పిల్లలకు మర్యాద నేర్పిన వాణ్ణి, ఆ పూట నేను నేర్చుకున్నాను. ఆ తరువాత మనుషులను అడిగి తీశాను, లేదంటే గోడలను తీశాను. గచ్చు సున్నం పెచ్చులూడిన చోట కనిపించే సన్నని ఇటుకలు, మేడ మీది చెక్క జాలీలు, తలుపు పైన అర్ధచంద్రాకారంలో అమర్చిన రంగు గాజు ముక్కలు, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి హయాంలో పత్తర్‌గట్టీకి వచ్చిన రాతి కమానుల వరుస, ఆ కమానుల మీద ఎవరి ఇష్టం వచ్చినట్లు వారు బిగించిన బోర్డులు, అన్నీ తీశాను. బోర్డులు లేకుండా తీయాలని మొదట్లో తాపత్రయపడేవాణ్ణి గానీ, అవి కూడా ఆ వీధి చరిత్రలో భాగమేనని తరువాత ఒప్పుకున్నాను.

పాత ఫోటో ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒక చిన్న ఉదాహరణ చాలు. చార్మినార్ నాలుగు ముఖాల మీదా ఉన్న గడియారాలను 1889లో అమర్చారు. కాబట్టి గడియారాలు లేని చార్మినార్ చిత్రం మీ చేతికి వస్తే, అది అంతకుముందు తీసినదని వెనుక తేదీ రాసి లేకపోయినా చెప్పవచ్చు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్, బరువైన కెమెరాలతో, గాజు పలకల మీద ఆనాటి రాజభవనాలనూ, దర్బారులనూ, వేటలనూ, నగరాన్నీ పట్టి ఉంచకపోతే, పందొమ్మిదో శతాబ్దపు హైదరాబాద్‌ను మనం ఊహించుకోవడమే తప్ప చూసి ఉండేవాళ్లం కాదు. ఆయన 1905లో మరణించగా, 2,857 గాజు నెగెటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. మన నగరం తన పాత ముఖం చూసుకోవాలంటే ఢిల్లీ ప్రయాణం కట్టవలసి రావడం నాకు కొంచెం చిన్నతనంగానే తోస్తుంది. అయినా ఆ పలకలు మిగిలినందుకు సంతోషించాలి. దీన్‌దయాళ్ కెమెరా ఎక్కువగా నవాబుల వైపు, దొరల వైపు తిరిగింది. హరిబౌలిలోనో, శాలిబండలోనో ఉన్న మామూలు ఇంటి ముందు అంత బరువు దింపవలసిన అవసరం ఆయనకు కలగకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇమ్లిబన్ నుంచి ఫలక్‌నుమా దాకా సుమారు 5.5 కిలోమీటర్ల మెట్రో మార్గానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది, తరువాత దాన్ని చాంద్రాయణగుట్ట దాకా సుమారు 7.5 కిలోమీటర్లకు పొడిగించారు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, మీర్ మోమిన్ దాయిరా, హరిబౌలి, శాలిబండ, అలియాబాద్, ఫలక్‌నుమాల మీదుగా పోయే ఆ దారి నాకు అడుగడుగునా తెలుసు. ఈ మార్గం వద్దని నేను అనడం లేదు. నగరమంతా మెట్రో ఎక్కుతుంటే పాతబస్తీ వాళ్లు మాత్రం ఏళ్ల తరబడి ఆటోల్లో ఒరుసుకుంటూ కూర్చోవలసి వచ్చిందని నాకంటే అక్కడివారే గట్టిగా చెబుతారు. పైగా చారిత్రక కట్టడాలకూ, ప్రార్థనా స్థలాలకూ నష్టం కలగకుండా చూస్తామని ప్రభుత్వం చెప్పింది, దానినీ స్వాగతిస్తున్నాను. కానీ ఏ జాబితాకూ ఎక్కని ఇళ్ల మాటేమిటి? వాటికి పరిహారం లెక్క కట్టే కొలతల కాగితం ఉంటుంది. కొలతల కాగితంలో చెక్క జాలీ కనపడదు.

రోడ్డు పని మొదలయ్యాక, 2025లో ఒక ఆదివారం శాలిబండ వైపు వెళ్లాను. 2013లో నేను ఫోటో తీసిన ఒక రెండంతస్తుల ఇంటికి ముందు సగం లేదు. పై గది నీలిరంగు గోడ, దాని మీద దేవుడి పటం తీసేసిన తరువాత మిగిలిన చదరపు మచ్చ రోడ్డు మీద పోయేవాళ్లందరికీ కనిపిస్తున్నాయి. మెట్లు గాలిలో ఆగిపోయాయి. నేను ఆగి చూస్తుంటే లోపలి నుంచి ఇంటి పెద్దాయన వచ్చి ఏమిటని అడిగారు. పాత ఫోటో సంగతి చెప్పగానే, "సారూ, నిజంగనే మా ఇల్లు మీ తాన ఉన్నదా?" అన్నారు. నెల తిరగకుండా అచ్చు వేయించి తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసి, మనవణ్ణి పిలిచి, "అగో, ఆ కిటికీల మీ నాయినమ్మ కూసునేది" అని చూపించారు. నాలుగు తరాలు ఉన్న ఇల్లది. పెళ్లిళ్ల ఆల్బములు ఇంట్లో అయిదారున్నాయట. వాటిలో పందిరి ఉంది, పెళ్లికూతురు ఉంది, విస్తళ్ల ముందు కూర్చున్న బంధువులు ఉన్నారు. ఇంటి ముఖం మాత్రం ఒక్క దానిలోనూ పూర్తిగా లేదు. "ఎవరన్న ఇంటి ఫోటో తీసుకుంటరా సారూ, రోజు సూసేదే గద" అన్నారాయన.

రోజూ చూసేది కాబట్టే ఎవరూ తీయలేదు. ఈ పని ఇళ్ల యజమానులకు వదిలేయకూడదని, ప్రభుత్వమే చేయించాలని నేను అడగడానికి కారణం అదే.

ఇలాంటి పని ఈ నగరానికి కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. ఆ తరువాతి సంవత్సరాల్లో విశ్వేశ్వరయ్యగారి సలహాల మీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు రూపు దిద్దుకోవడం అందరికీ తెలిసిన కథ. అంతగా చెప్పుకోని సంగతి ఒకటుంది: ఆ దశాబ్దంలోనే లియోనార్డ్ మన్ అనే అధికారి పర్యవేక్షణలో నగరాన్ని సర్వే చేసి, సందులూ, ఇళ్లూ, బావులూ విడివిడిగా కనిపించే పటాలు గీయించారు. నూరేళ్లు దాటినా పాతబస్తీ మీద పరిశోధన చేసేవారు ఇప్పటికీ ఆ పటాలనే ముందు పరుచుకుంటారు. చేతి గొలుసులతో కొలిచి అంత పని చేయించిన పాలనా యంత్రాంగానికి వారసులైన మీకు, ఈ కాలపు పరికరాలతో ఏడున్నర కిలోమీటర్ల వీధిని ఫోటో తీయించడం పెద్ద భారం కాబోదు.

ఎలా చేయాలో చెప్పేటంత నిపుణుణ్ణి కాకపోయినా, అనుభవం మీద కొన్ని మాటలు చెప్పనివ్వండి. రోడ్డుకు రెండు వైపులా ఇళ్ల ముఖాలను వరుస తప్పకుండా, ఎదురుగా నిలబడి, ఇంటి నంబరూ తేదీ కలిపి తీయాలి. అందమైన ఇళ్లనే ఏరుకుని తీస్తే నా మొదటి రెండేళ్ల తప్పే మళ్లీ జరుగుతుంది, రేకుల షెడ్డు కూడా వరుసలో ఉండాలి. యజమాని ఒప్పుకుంటే లోపలి వాకిలి, మెట్లు, పైకప్పు తీసి, ఆ ఇంటి గురించి వారు చెప్పే నాలుగు మాటలు రికార్డు చేయాలి, ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చేయాలి. ప్రతి కుటుంబానికీ తమ ఇంటి ఫోటో ఒకటి అచ్చు వేయించి ఇవ్వాలి. పరిహారం చెక్కుతో పాటు ఆ ఫోటో కూడా చేతికి అందితే ఎలా ఉంటుందో ఆలోచించండి. మనుషుల కోసం వెతకనక్కరలేదు: మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయంలో ఫోటోగ్రఫీ చదివే పిల్లలూ, వాస్తుశాస్త్రం చదివే పిల్లలూ ఒకే ఆవరణలో ఉన్నారు. ఒక సెమిస్టరు ప్రాజెక్టుగా అప్పగిస్తే వాళ్లకు చదువు, మనకు పని. ఇదంతా ఫైళ్ల గదిలో కాక, ఒక వెబ్‌సైటులోనూ, వీలైతే రేపు కట్టబోయే మెట్రో స్టేషన్ల గోడల మీదా ఉంచాలి. శాలిబండ స్టేషన్‌లో దిగేవాడికి, తాను నిలబడిన చోట ఏముండేదో కనిపించాలి.

ఇప్పటికే చాలా ఇళ్లు పోయాయి, వాటి విషయంలో ఆలస్యమైంది. అందుకే కూల్చివేతలు మిగిలి ఉన్న చోట ముందుగా ఈ పని జరిగేలా సంబంధిత శాఖలకు ఒక ఆదేశం ఇప్పించగలరు. పోయిన ఇళ్ల కోసం నా లాంటి బాటసారులను, పెళ్లి వీడియోలు తీసిన స్టూడియోల వారిని, విదేశీ యాత్రికులను కూడా తమ దగ్గరున్న చిత్రాలు ఇమ్మని ప్రభుత్వం తరఫున ఒక ప్రకటన చేస్తే, ఎక్కడెక్కడివో బయటికి వస్తాయని నా నమ్మకం.

నా వరకు, దారుల్‌షిఫా నుంచి ఫలక్‌నుమా దాకా 2013 తరువాత తీసిన చిత్రాలన్నీ వీధుల వారీగా సర్ది, ఒక హార్డ్‌డిస్కులో ఎక్కించి సిద్ధంగా ఉంచాను. తేదీలు ఉన్నాయి, ఇంటి నంబర్లు కొన్నింటికే ఉన్నాయి. వాటిని ఏ కార్యాలయంలో, ఎవరికి అప్పగించాలో తెలియజేస్తే, వచ్చే ఆదివారం బదులు పనిదినం నాడే బస్సెక్కి వస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నల్లగొండ