మూగబోయిన జన్యువు గురించి కూడా రాయండి

సంపాదకులు గారికి,

మల్టిపుల్ మైలోమాను చాలామంది ఎముక క్యాన్సర్ అనుకుంటారు. నిజానికి అది ఎముక మజ్జలో యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు అదుపు తప్పడం వల్ల వచ్చే జబ్బు. మజ్జలోని ఇరుగుపొరుగు కణాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రోటీన్, ప్లాస్మా కణం పైనున్న గ్రాహకానికి తగలగానే లోపల జాక్ ఎంజైములు మేల్కొని, స్టాట్-3 ప్రోటీన్‌ను కేంద్రకంలోకి పంపి, కణం చావకుండా పెరిగేలా చేస్తాయి. ఈ సంకేతానికి పగ్గం వేసేది సాక్స్-1 ప్రోటీన్. చాలామంది రోగుల్లో దాన్ని తయారుచేయించే జన్యువు, మిథైల్ గుర్తులనే చిన్న రసాయన ముక్కలు అతుక్కుని మూగబోతోందని 2003లో వెలువడిన పరిశోధన తెలిపింది. జన్యువులోని అక్షరాలు చెరిగిపోలేదు, చదవడానికి వీల్లేకుండా తాళం పడింది, అంతే. ప్రయోగశాలలో పెంచిన మైలోమా కణాల్లో డెసిటబిన్ అనే మందు ఆ తాళాన్ని తీయగలిగింది కూడా. అయితే ప్రయోగశాలలో ఫలించిందల్లా రోగికి మందు కాదని పాఠకులకు స్పష్టంగా చెప్పాలి.

మా నాన్నగారి నడుమునొప్పిని ఏడాదిపాటు వయసు ఖాతాలో వేశారు. చివరకు రక్తహీనతను, మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ పెరగడాన్ని కలిపి చూసిన ఒక వైద్యురాలు రక్తంలోని ప్రోటీన్లను విడదీసి చూపే సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష రాయగా, గ్రాఫులో సూదిలా లేచిన ఒక్క గీత జబ్బును పట్టించింది. ఆ పరీక్ష గురించి, మూగబోయిన ఆ జన్యువు గురించి కూడా మీ ఆరోగ్య పేజీలో వివరంగా రాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు