నిల్వల లిస్టు చూసి బలం లెక్కేస్తే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం,

చమురు నిల్వల టేబుల్ ఒకటి వేసి, పైన ఉన్నవాడిదే పెత్తనం అన్నట్టు మీ పేపర్లో వ్యాసం రాశారు. ఆ టేబుల్లో ఫస్ట్ ఉన్నది వెనిజులానే కదండీ, దాదాపు 300 బిలియన్ బ్యారెళ్ళు, మరి అక్కణ్ణుంచి 70 లక్షల మందికి పైగా దేశం వదిలి ఎందుకు పోయినట్టు? ఎవరి దగ్గర ఎంతుంది అని కాదు, ఎవరికి ఎవరితో అవసరం పడుతుంది అని చూడాలనేది నా మాట.

1973లో అరబ్ దేశాలు అమెరికాకి చమురు ఆపేస్తే 3 డాలర్ల బ్యారెల్ కొన్ని నెలల్లోనే 12కి దగ్గరగా పోయింది, అంతా గడగడలాడారు, నిజమే. కానీ ఆ రేటు చూసే కదా కొనేవాళ్ళు అలాస్కాలో, నార్త్ సీలో తవ్వుకున్నారు, 1986 కల్లా ధర కుప్పకూలింది. రష్యాదీ అదే కథ, 2021లో యూరోపియన్ యూనియన్ దిగుమతి చేసుకునే గ్యాస్‌లో 40 శాతం దాకా వాళ్ళదే, జుట్టు చేతిలో ఉంది అనుకుని 2022లో కుళాయి కట్టేస్తూ వచ్చారు, జర్మనీ ఆ డిసెంబర్‌కే ఓడల్లో వచ్చే గ్యాస్ దింపుకోడానికి కొత్త టెర్మినల్ తెరిచేసింది.

ఖతార్‌ని చూడండి. 2017లో సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి వెలేశాయి, ఉన్న ఒక్క భూ సరిహద్దూ మూసేశారు, పాల కోసం ఖతార్ వాళ్ళు ఆవుల్ని విమానాల్లో తెప్పించుకున్నారు (నిజంగానే, ఆవులు విమానాల్లో!). అయినా తమ దగ్గర్నుంచి యూఏఈకి వెళ్ళే గ్యాస్ పైపు మాత్రం కట్టెయ్యలేదు. 2021 జనవరిలో వెలేసినవాళ్ళే రాజీకొచ్చారు. అన్నీ గ్యాస్ వల్లే అనను గానీ, కట్టెయ్యగలిగీ కట్టెయ్యని వాడి మాటకి మార్కెట్లో ఉండే విలువ వేరు.

ఇంక ఇంట్లో సంగతి, మీ వ్యాసంలో అసలు లేనిది ఇదే. జనం పన్నులతో నడిచే ప్రభుత్వం ఏదో ఒకరోజు వాళ్ళకి లెక్క చెప్పుకోవాలి, బావిలోంచి డబ్బు వచ్చేవాడికి ఆ పని లేదు, పైగా వాడే ఎదురు పంచిపెట్టగలడు. 2011లో అరబ్ దేశాల్లో జనం రోడ్లెక్కినప్పుడు సౌదీ రాజు ఇళ్ళకీ జీతాలకీ అని 130 బిలియన్ డాలర్ల దాకా ప్రకటించారు, ఈజిప్టులో అధ్యక్షుడు ముబారక్‌కి అంత ఖజానా ఎక్కడిది, దిగిపోయాడు. ఆఫ్రికాలోని చిన్న దేశం ఈక్వటోరియల్ గినీలో అధ్యక్షుడు ఒబియాంగ్ 1979 నుంచీ కుర్చీ దిగలేదు, మధ్యలో 1990ల్లో చమురు పడి ఇంకా గట్టిగా పాతుకుపోయాడు. నార్వే అలా కాలేదంటారా, అక్కడ 1969లో చమురు పడేసరికే పార్లమెంటూ, లెక్కలడిగే అలవాటూ ఉన్నాయి, ఇప్పటికీ జనం దగ్గర పన్నులు గట్టిగానే వసూలు చేస్తారు, చమురు డబ్బు ఫండ్‌లో వేసి అందులోంచి కొంచెం కొంచెమే తీస్తారు.

ఈసారి ఆ టేబుల్ వేసేటప్పుడు పక్కన ఇంకో కాలమ్ పెట్టండి, ప్రభుత్వ ఆదాయంలో జనం కట్టే పన్ను ఎంత శాతమో. ఆ రెండూ పక్కపక్కన చూడాలని ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు